పాత సామాన్ల కొట్లో దొరికిన 43 వాల్వులు – ముప్ఫై పుల్లలున్న ఈ వాల్వు ఏమిటి?

మల్కాపురం_మురళి
పోయిన శనివారం గాజువాక వైపు ఒక పాత సామాన్ల కొట్లో అట్టపెట్టె నిండా వాల్వులు, అదే పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు, కనపడ్డాయి. తూకానికి పెట్టాడు. గాజు పగలగొట్టి లోపలి రేకులు వేరుగా అమ్ముతానన్నాడు, సుత్తి కూడా పక్కనే ఉంది. చూస్తూ చూస్తూ వదిలి రాలేకపోయాను. 1,200కి బేరం కుదుర్చుకుని పెట్టె మొత్తం స్కూటర్ ముందు పెట్టుకుని తెచ్చేశాను. ఇంటికొచ్చి లెక్కపెడితే 43. ఐదు పగిలిపోయి ఉన్నాయి.

నాకు వీటి గురించి తెలిసింది అంతంత మాత్రం. చిన్నప్పుడు మా తాతగారి రేడియో వెనక అట్టకున్న చిల్లుల్లోంచి నారింజ రంగు వెలుతురు చూస్తూ కూర్చునేవాణ్ణి. వీటిని చూడగానే అదే గుర్తొచ్చింది.

పేర్లు చదవగలిగినవి ఇవి: ఈసీహెచ్81, ఈఎల్84 మూడు, ఈఎం84, ఈసీసీ83, నెత్తిన లోహపు టోపీ ఉన్న 807లు రెండు. ఒకదానికి గాజంతా ఎర్ర రంగు పూసి ఉంది. ఇక ఒకటి మాత్రం నేనెక్కడా చూడలేదు. పెద్ద ఉసిరికాయంత లావు గాజు, కింద నల్లటి ఎనిమిది పిన్నుల బేస్. పైనుంచి చూస్తే మధ్యలో గుండ్రటి బిళ్ళ, దాని చుట్టూ సన్నటి పుల్లలు పళ్ళెంలో అగరొత్తులు గుచ్చినట్టు నిలబడి ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను, సరిగ్గా 30. హీటర్ (లోపల ఎర్రగా కాలే తీగ) ఎక్కడా కనపడలేదు. ఇది మ్యాజిక్ ఐలో (రేడియోలో స్టేషన్ కుదిరిందో లేదో చూపించే పచ్చ కన్ను) ఒక రకమా?

ఇంకో సంగతి. దుమ్ము బాగా పట్టిందని అన్నిటినీ సర్ఫు నీళ్ళలో ముంచి తుడిచాను. సగం వాటి మీద అక్షరాలు పోయాయి. ఈ వింత వాల్వు మీద తెల్లటి రాత ఉండేది, ఇప్పుడు లేదు. చాలా బాధగా ఉంది. దీని పేరు తెలుసుకునే దారి ఉందా?

ఉక్కునగరం_రాజు
సర్ఫు నీళ్ళా! చదువుతుంటేనే గుండె జారింది.

సోల్డరు_సిరి
ఫొటో పెట్టండి సార్, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. హీటర్ లేదంటే వేడి అక్కర్లేని వాల్వే అయ్యుంటుంది. మ్యాజిక్ ఐకి హీటర్ తప్పకుండా ఉంటుంది. మీ ఈఎం84 పక్కన పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది.

వాల్వు_బాబాయ్
మురళీ, అయిందేదో అయింది. మిగిలినవాటిని ఇక తడపకు. వాల్వు మీద రాత కాల్చి అద్దింది కాదు, పైపైన వేసిన రంగు. కొన్నిటికి వేలు తగిలినా పొడిలా వచ్చేస్తుంది. డాబాగార్డెన్స్‌లో రేడియో షాపు నడిపినప్పుడు మా కుర్రాళ్ళకు మొదటి రోజు చెప్పే మాట ఒకటే: గాజును బేస్ దగ్గర పట్టుకో, పేరు మీద చెయ్యి పెట్టకు. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపాలి. పేరున్న చోటుని అలాగే వదిలేసి చుట్టూ తుడుచుకోవాలి.

నల్ల బేస్ ఉన్నవాటిని ముంచావు కాబట్టి నీళ్ళు బేస్ లోపలికి దిగి ఉంటాయి. వారం రోజులు నీడలో, తలకిందులుగా ఆరనివ్వు. గాజుకీ బేస్‌కీ మధ్య ఉండే పాత జిగురు నాని వదులైపోతుంది. అటూ ఇటూ తిప్పి చూడకు, లోపల తీగలు మెలిపడి తెగుతాయి.

పోయిన పేరు చదవడానికి ఒక ఉపాయం ఉంది. రంగు పోయినా గాజు మీద దాని ముద్ర ఉండిపోతుంది. వాల్వుని ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో (పైన గడ్డకట్టే అరలో కాదు, కింద) గంట పెట్టు. తీసిన వెంటనే నోటితో మెల్లిగా ఆవిరి ఊదు. దీపం పక్కనుంచి పడేలా పెట్టుకుని చూడు. మంచు పట్టిన చోటుకీ అక్షరం ఉన్న చోటుకీ చిన్న తేడా కనపడుతుంది. రెండు మూడు సెకన్లే ఉంటుంది. పక్కన కాగితం, కలం సిద్ధంగా పెట్టుకో. ఆ తడిని మాత్రం తుడవకు, దానంతటదే ఆరాలి.

భీమిలి_ఉప్పుగాలి
బాబాయ్ చెప్పిన ఆవిరి పద్ధతిలో నేను ఒక సీవీ4004 చదివాను. అప్పటిదాకా మామూలు ఈసీసీ83 అనుకుని డ్రాయరులో పడేశాను. సీవీ అంటే బ్రిటిష్ సైన్యం వాడిన నంబర్ల వరస, సీవీ4004 ఈసీసీ83కే గట్టి తమ్ముడు. పేరు పోతే సగం వాల్వు పోయినట్టే.

లక్కీ_9
ఎర్ర రంగు వాల్వు అన్నారు కదా. అందులో ఎర్ర పాదరసం ఉంటుందని, పది లక్షలకు కొంటారని వీడియోలు వస్తున్నాయి. మా కొలీగ్ పాత టీవీ విప్పి మరీ వెతుకుతున్నాడు. నిజమేనా?

వాల్వు_బాబాయ్
శుద్ధ అబద్ధం. అలాంటి పదార్థమే లేదు. నలభై ఏళ్ళు వేల వాల్వులు చేతుల మీదుగా పోయాయి, ఎర్ర పాదరసం చుక్క చూడలేదు. ఇలాంటి పుకారే 2009లో సౌదీలో సింగర్ కుట్టుమిషన్ల మీద లేచింది, జనం పాత మిషన్లను లక్షలు పోసి కొన్నారు. ఇప్పుడు మన రేడియోల మీద పడ్డారు. వాటి కోసం మంచి మంచి సెట్లు విప్పి పాడు చేస్తున్నారు, అదే నా ఏడుపు. మీ కొలీగ్‌కి ఇంకో మాట చెప్పండి. పాత టీవీ ప్లగ్గు పీకేసినా పిక్చర్ ట్యూబులో కరెంటు నిలవ ఉంటుంది. చెయ్యి పెడితే గోడకు విసిరి కొడుతుంది.

మురళి దగ్గరున్న ఎర్రది 1930ల నాటి ఫిలిప్స్ రకం అయ్యుండాలి. గాజు మీద లోహపు పూత, దాని మీద ఎర్ర రంగు. బయటి గోల లోపలికి రాకుండా అడ్డుగోడ అన్నమాట. బేస్‌కి పిన్నులు లేకుండా పక్కల చిన్న చిన్న రేకులు ఉన్నాయా చూడు.

మల్కాపురం_మురళి
అవును బాబాయ్, పక్కల రేకులే ఉన్నాయి! ఎనిమిది. రంగు పెచ్చులు లేస్తోంది.

వాల్వు_బాబాయ్
అయితే అదే. ఆ పెచ్చులు గోకకు. పూత పోతే ఆ వాల్వు ఉండీ లేనట్టే.

ఉక్కునగరం_రాజు
నా అభిప్రాయం వేరు. వాల్వు ఉన్నది వెలగడానికి. మూడు ఈఎల్84లు, ఒక ఈసీసీ83 ఉన్నాయంటే చక్కటి యాంప్లిఫయరు సగం ఇంట్లో ఉన్నట్టే. అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోతే ఏమొస్తుంది? నేను రెండు ఈఎల్84లతో చేసుకున్నది ఎనిమిదేళ్ళుగా రోజూ సాయంత్రం మోగుతోంది. మా అమ్మగారు త్యాగరాజ కీర్తనలు అందులోనే వింటారు.

భీమిలి_ఉప్పుగాలి
రాజూ, ఈఎల్84 సంగతి సరే, అది ఇవాళ కూడా కొత్తది దొరుకుతుంది. ఆ ఎర్ర వాల్వు మళ్ళీ దొరుకుతుందా? దొరకనిదాన్ని రోజూ వెలిగించడం న్యాయం కాదు. ఏ వాల్వుకైనా కాథోడ్ (ఎలక్ట్రాన్లను వదిలే భాగం) మీద పూత అరిగే కొద్దీ ఆయుష్షు తగ్గుతుంది.

ఉక్కునగరం_రాజు
అరగకుండా దాచినది ఎవరికి? మన తర్వాత మళ్ళీ తూకానికే వెళ్తుంది. మురళి గారి పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? ఎవరో ఇలా దాచినవే.

అనకాపల్లి_హామ్
రాజు మాట కటువుగా ఉన్నా నిజం ఉంది. మా గురువుగారు పోయాక ఆయన 813 ట్రాన్స్‌మిటర్ వాల్వులు రెండు ఇంట్లోవాళ్ళు పూలకుండీ పక్కన అలంకారానికి పెట్టారు. అడిగి తెచ్చుకున్నాను. 10 వోల్టులు, 5 ఆంపియర్ల ఫిలమెంటు. వెలిగిస్తే చీకటి గదిలో పుస్తకం చదువుకోవచ్చు.

మురళి గారి 807ల గురించి: 1930ల్లో పుట్టిన వాల్వు, 25 వాట్ల ప్లేటు. మన పాత హామ్‌లు (సరదాకి సొంత రేడియో సెట్టు మీద మాట్లాడుకునేవాళ్ళు) ఒక్క 807 పెట్టుకుని దేశమంతా మాట్లాడారు. ఆ నెత్తి మీది టోపీ ప్లేటు కనెక్షను, వందల వోల్టులు నేరుగా అక్కడికే వస్తాయి. సెట్టులో ఉండగా దాన్ని ముట్టుకోవద్దు.

927_శ్రోత
వాల్వుల గురించి నాకు తెలీదు, చదవడానికి మాత్రం హాయిగా ఉంది. మా ఇంట్లో వాల్వు రేడియో ఉండేది. స్విచ్చి వేశాక అర నిమిషం మౌనం, తర్వాత మెల్లిగా దూరం నుంచి నడిచొచ్చినట్టు విశాఖపట్నం కేంద్రం గొంతు. ఆ పచ్చ కన్ను స్టేషన్ సరిగ్గా కుదిరినప్పుడు దగ్గరకు ముడుచుకునేది. నాన్నగారు "కన్ను మూసింది, ఇక ముట్టుకోకండి" అనేవారు.

వాల్వు_బాబాయ్
ఆ పచ్చ కన్ను జాతిదే మురళి దగ్గరున్న ఈఎం84. ఇందులో కన్నులా కాకుండా రెండు పచ్చ గీతలు ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. దానికో జబ్బు ఉంది. వెలిగిన గంటలు పెరిగే కొద్దీ పచ్చ రంగు వెలిసిపోతుంది, మళ్ళీ రాదు. అందుకే నా దగ్గరకొచ్చిన సెట్లకు చిన్న స్విచ్చి పెట్టి ఇచ్చేవాణ్ణి. స్టేషన్ పట్టేదాకా కన్ను వెలగాలి, తర్వాత ఆపేయాలి.

పేర్లు చూసి భయపడకు మురళీ. ఈ అక్షరాలకు లెక్క ఉంది. మొదటి అక్షరం హీటరు: ఈ అంటే 6.3 వోల్టులు, డీ అంటే 1.4 వోల్టుల బ్యాటరీ వాల్వు, పీ అంటే టీవీల్లో వరసగా కలిపే 300 మిల్లీ ఆంపియర్లది, యూ అంటే 100 మిల్లీ ఆంపియర్లది. రెండో అక్షరం పని: సీ ట్రయోడ్ (లోపల మూడు భాగాలది), ఎఫ్ పెంటోడ్ (ఐదు భాగాలది), ఎల్ స్పీకరు తోలేది, ఎం పచ్చ కన్ను, జెడ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసేది). ఈసీసీ అంటే ఒకే గాజులో రెండు ట్రయోడ్లు. 80ల నంబరు ఉంటే తొమ్మిది పిన్నులది. ఇది తెలిస్తే పుస్తకం లేకుండానే సగం పెట్టె సర్దుకోవచ్చు.

సోల్డరు_సిరి
ఇది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను బాబాయ్ గారూ. కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

మల్కాపురం_మురళి
ఫొటోలు పెట్టాను. పైనుంచి తీసినదానిలో పుల్లలు స్పష్టంగా కనపడుతున్నాయి.

జీఎం_కౌంటర్
ఫొటో చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మురళి గారూ, అది మ్యాజిక్ ఐ కాదు. డెకట్రాన్.

అది లెక్కపెట్టే వాల్వు. లోపల నియాన్ లాంటి వాయువు ఉంటుంది, హీటరు ఉండదు. మధ్యలోని బిళ్ళ ఆనోడ్. చుట్టూ ఉన్న 30 పుల్లల్లో పది అసలు కాథోడ్లు, మిగిలిన ఇరవై దారి చూపించే గైడ్లు. అసలు పుల్లకీ అసలు పుల్లకీ మధ్య రెండేసి గైడ్లు. ఏ క్షణంలోనైనా ఒకే పుల్ల కొసన చిన్న వెలుగు చుక్క ఉంటుంది. బయటి నుంచి ఒక పల్స్ (క్షణకాలపు కరెంటు తట్టు) రాగానే ఆ చుక్క మొదటి గైడు మీదికి, అక్కడి నుంచి రెండో గైడు మీదికి, ఆపై తర్వాతి కాథోడ్ మీదికి దూకుతుంది. రెండు గైడ్లు ఎందుకంటే చుక్క వెనక్కి పోకుండా ఒకే దిక్కుకు తిరగాలి కాబట్టి. పది పల్సులకు ఒక చుట్టు పూర్తి. ఆ చుట్టు పూర్తవగానే పక్క డెకట్రాన్‌కి ఒక పల్స్ వెళ్తుంది. ఒకట్లు, పదులు, వందలు. పలక మీద కూడికలు చేసినట్టే.

నేను ఎం.ఎస్సీ. చదివిన రోజుల్లో గీగర్-ముల్లర్ కౌంటర్ (రేడియోధార్మికతను పసిగట్టేది) ప్రయోగానికి ఇలాంటివే వరసగా బిగించిన స్కేలర్, అంటే పల్సులు లెక్కపెట్టే పెట్టె, ఉండేది. రేడియోధార్మిక మూలం పక్కన పెట్టగానే ఒకట్ల చుక్క గిరగిరా తిరిగేది, పదుల చుక్క నడిచేది, వందల చుక్క ఎప్పుడో ఒకసారి అడుగు వేసేది. కాగితం మీద అంకెలు రాసుకోవడం మరిచిపోయి దాన్నే చూస్తూ ఉండిపోయి మా మాస్టారితో చీవాట్లు తిన్నాను. ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీ) అణు భౌతిక శాస్త్రానికి పునాది వేసిన స్వామి జ్ఞానానంద పేరున్న ప్రయోగశాల ఇప్పటికీ క్యాంపస్‌లో ఉంది. సన్యాసి అయ్యుండి యూరప్ వెళ్ళి బీటా కిరణాల మీద పరిశోధన చేసి వచ్చిన మనిషి. ఆయన పేరు వింటేనే మా తరానికి ఒళ్ళు పులకరిస్తుంది.

మీ వాల్వు ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పలేను. ఏ సంస్థ పాత సామాను వేలంలోనైనా పోయి ఉండొచ్చు. ఎనిమిది పిన్నుల బేస్ చూస్తే జీసీ10బీ అనిపిస్తోంది. బాబాయ్ గారు చెప్పిన ఆవిరి పద్ధతి చేసి చూడండి.

ఉక్కునగరం_రాజు
మాస్టారూ, వేగం ఎంత ఉండేది?

జీఎం_కౌంటర్
జీసీ10బీ సెకనుకు సుమారు 4,000 పల్సుల దాకా లెక్కపెడుతుంది. అంతకు మించితే తడబడుతుంది. అంత వేగంలో కంటికి చుక్క కనపడదు, వెలిగే ఉంగరంలా కనపడుతుంది. ఇంగ్లండ్‌లో హార్వెల్ అణు కేంద్రంలో 1951లో వీటితోనే ఒక కంప్యూటర్ కట్టారు, ఎనిమిది వందలకు పైగా డెకట్రాన్లు. దాని జ్ఞాపకశక్తి అంతా ఈ చుక్కలే. 2012లో బాగుచేసి మళ్ళీ నడిపించారు, ఇప్పుడు బ్లెచ్లీ పార్క్‌లోని మ్యూజియంలో ఉంది.

భీమిలి_ఉప్పుగాలి
రాజూ, విన్నావా? దీన్ని యాంప్లిఫయరులో పెట్టగలవా?

ఉక్కునగరం_రాజు
పెట్టలేను. కానీ తిప్పగలను. తిరగని డెకట్రాన్ చూడటం నాకైతే కష్టంగా ఉంటుంది.

సోల్డరు_సిరి
నాకూ. నేను ఐఎన్-12 నిక్సీలతో (అంకెలు వెలిగే వాల్వులు) గడియారం చేశాను. రష్యావి. అందులో 5 అంకె ఉండదు తెలుసా, 2నే తలకిందులుగా పెట్టారు. అది గమనించిన రాత్రి నిద్ర పట్టలేదు, అంత ముద్దుగా ఉంది. నా గోడు ఒకటి చెప్పుకోవాలి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర "అన్నీ పరీక్షించినవే" అంటే పది కొన్నాను. మూడిట్లో కొన్ని అంకెలు సగమే వెలిగాయి. డబ్బు తిరిగి అడిగితే జవాబే లేదు. ఏళ్ళ తరబడి ఒకే అంకె వెలిగితే మిగిలిన అంకెల మీద మురికి పేరుకుని అలా అవుతుందట. వెలగని అంకెలను కాస్త ఎక్కువ కరెంటుతో గంటల కొద్దీ వెలిగిస్తే రెండు బాగుపడ్డాయి. మూడోది బాగుపడలేదు. దాన్ని కూడా పారేయలేదు.

మురళి సార్, నిక్సీలకు వాడే చిన్న బోర్డు 170 వోల్టులే ఇస్తుంది. డెకట్రాన్‌కి అది చాలదు. తొందరపడి కొనకండి.

జీఎం_కౌంటర్
సిరి చెప్పింది నిజం. జీసీ10బీకి దాదాపు 475 వోల్టులు కావాలి, ఆనోడ్‌కి 820 కిలో ఓమ్‌ల రెసిస్టెన్సు వరసలో ఉండాలి. అది లేకుండా నేరుగా ఇస్తే ఒక్క క్షణంలో పాడైపోతుంది. వాల్వు తీసుకునేది మిల్లీ ఆంపియర్‌లో మూడో వంతే. కానీ సప్లై చంపగలదు. ఇది ఒంటరిగా చేయకండి. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని పని చేయమని మాకు నేర్పారు, ఇప్పటికీ అలాగే చేస్తాను.

నౌక_రిటైర్డ్
ఆలస్యంగా చూశాను. ఓడల్లో ముప్ఫై ఏళ్ళు ఎలక్ట్రికల్ పని చేశాను. ఏ పరికరంలో ఏముండేదో నేను మాట్లాడను, అడగవద్దు. ఇలా పెట్టెలు పెట్టెలు కొనేవాళ్ళకు మాత్రం మూడు మాటలు చెప్పాలి.

గాజు లోపల కదిలే వెండి చుక్కలుంటే అది పాదరసం, 866ఏ లాంటి రెక్టిఫయర్లలో ఉంటుంది. వెలిగితే నీలంగా ఎంత అందంగా ఉంటుందో, పగిలితే అంత ప్రమాదం. పిల్లలకు అందకుండా పెట్టండి. తెల్లటి లేదా గులాబీ రంగు పింగాణీ ఉన్న మైక్రోవేవ్ వాల్వులు, మాగ్నెట్రాన్లు దొరికితే ఆ పింగాణీని పగలగొట్టవద్దు, రాపాడించవద్దు. కొన్నిటిలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి రాదు. రాడార్‌లో వాడే కొన్ని వాయువు గొట్టాల్లో చిటికెడు రేడియోధార్మిక పదార్థం కూడా ఉంటుంది. మూడు రేకుల గుర్తు కనపడితే అక్కడే ఆగండి.

నాలుగోది కూడా చెప్తాను. మన ఊళ్ళో నేవీ, షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్ ఉన్నాయి. కొట్టువాడు వేలం రసీదు చూపించలేకపోతే ఎంత మంచి సరుకైనా వదిలేయండి.

మల్కాపురం_మురళి
రసీదు అడగాలని తట్టలేదు సార్. రేపే వెళ్ళి అడుగుతాను.

నౌక_రిటైర్డ్
వెళ్ళండి. ఆ సుత్తి కూడా కాస్త పక్కన పెట్టించండి.

అనకాపల్లి_హామ్
మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి లోపలికి మా అబ్బాయిని తీసుకెళ్ళినప్పుడు వాడు రేడియో గది దగ్గర ఆగిపోయి కదల్లేదు. "నాన్నా, ఇన్ని నాబ్‌లు ఎవరు తిప్పేవారు?" అన్నాడు. వాడికి ఇప్పుడు పన్నెండేళ్ళు, నా దగ్గరున్న బ్యాటరీ వాల్వులకు వాడే వారసుడు.

భీమిలి_ఉప్పుగాలి
దాచడం గురించి నేను చెప్పాల్సింది ఉంది, ఎందుకంటే మన సముద్రపు గాలికి పిన్నులు నల్లబడతాయి. నేను మొదట్లో అద్దాల బీరువాలో పెట్టాను. రెండేళ్ళకే 807 టోపీ కింద పచ్చగా చిలుము. ఇప్పుడు ఒక్కోదాన్నీ కాగితంలో చుట్టి, గాలి చొరబడని డబ్బాల్లో సిలికా జెల్ సంచులతో పెడతాను. వానాకాలానికి ముందు ఆ సంచులను ఎండబెట్టి మళ్ళీ వేస్తాను. పిన్నులను ఇసుక కాగితంతో గీకకూడదు, పెన్సిల్ రబ్బరు చాలు.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, 2014 అక్టోబర్ 12, మా మేడ మీది గది కిటికీలు రెండూ ఎగిరిపోయాయి. బీరువా బోర్లా పడింది. అందులోని పుస్తకాలు, మీటర్లు, రెండు సెట్లు మట్టికొట్టుకుపోయాయి. ముందు రోజు సాయంత్రం మా ఆవిడ తన ఆలోచనతోనే మంచి వాల్వులన్నీ ఏరి, పాత చీర ముక్కల్లో చుట్టి, వంటింట్లో స్టీలు బియ్యం డబ్బాలో బియ్యం మధ్య కుక్కేసింది. ఒక్కటి పగల్లేదు. తర్వాత కరెంటు లేని రాత్రుల్లో డీకే96 వరస నాలుగు వాల్వుల బ్యాటరీ సెట్టు బయటకు తీశాను. దానికి 90 వోల్టుల పెద్ద బ్యాటరీ ఇప్పుడు దొరకదు, అందుకని పది 9 వోల్టుల బ్యాటరీలు గొలుసుగా తగిలించాను. ఫిలమెంటుకి ఒక టార్చి సెల్లు. వీధిలో వాళ్ళంతా మా అరుగు మీద కూర్చుని వార్తలు విన్నారు. రాజూ, నేను వాల్వులు వెలిగించనని అనుకోకు.

ఉక్కునగరం_రాజు
ఈ మాట ముందే చెప్పి ఉంటే అంత వాదించేవాణ్ణి కాదు అన్నా. వదినగారికి నమస్కారం చెప్పండి.

927_శ్రోత
బియ్యం తడిని కూడా పీల్చుకుంటుంది. ఆమెకు రెండు రకాలుగా లాభం తెలుసు.

వాల్వు_బాబాయ్
నా లెక్క ఇది. ఇంకా దొరికేవి వాడండి. దొరకనివి ఏడాదికి ఒకసారి మెల్లిగా వోల్టేజి పెంచుతూ వెలిగించి చూసి, మళ్ళీ పడుకోబెట్టండి.

మురళీ, ముందు ప్రతి వాల్వు గాజు లోపల, ఎక్కువగా నెత్తిన, ఉన్న వెండి మెరుపు చూడు. దాన్ని గెట్టర్ అంటారు, లోపల మిగిలిన గాలిని పీల్చేది. అద్దంలా మెరిస్తే ప్రాణం ఉంది. పాల మీగడలా తెల్లబడితే గాలి చొరబడింది, ఇక దానికి కరెంటు పెట్టకు. డెకట్రాన్‌కి ఈ పరీక్ష పట్టించుకోకు, అది వేరే జాతి. ఈఎల్84లకు మీటరు పెట్టి 4, 5 పిన్నుల మధ్య చూడు. ఒకటి రెండు ఓమ్‌లు చూపిస్తే హీటరు బాగుంది.

మల్కాపురం_మురళి
చేశాను. ఈఎల్84లు మూడూ బాగున్నాయి. ఈసీహెచ్81 తెల్లబడిపోయింది. దాన్ని మా పాప అడిగింది, గెట్టర్ కథ చెప్పి ఇచ్చాను.

కొట్టుకి కూడా వెళ్ళాను. ఒక కాలేజీ ల్యాబు పాత సామాను వేలం రసీదు చూపించాడు, ఫొటో తీసుకున్నాను. వాల్వులు వస్తే పగలగొట్టకుండా ఫోన్ చేయమని నంబరు ఇచ్చి వచ్చాను.

ఇక అసలు సంగతి. పొద్దున్న ఐదింటికి ఫ్రిజ్‌లోంచి డెకట్రాన్ తీశాను. వంటింటి గట్టు మీద టార్చి అడ్డంగా పెట్టి ఊదాను. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి వేలి ముద్రలు కనపడ్డాయి, నావే. మూడోసారి గాజుని కాస్త తిప్పి ఊదితే, మంచులో ఎవరో గోటితో రాసినట్టు "జీ", "సీ", తర్వాత "10". చివరి అక్షరం చదివేలోపు ఆరిపోయింది. ఇంకో రెండుసార్లు ఊదాక కనపడింది. బీ. మాస్టారూ, మీరు చెప్పిందే.

జీఎం_కౌంటర్
ఆదివారం ఉదయం మల్కాపురం వస్తాను. 0 నుంచి 500 వోల్టుల సప్లై ఒకటి నా దగ్గరుంది, బరువు కాబట్టి ఆటోలో తెస్తాను. బేస్, రెసిస్టెన్సులు తెస్తాను. మీరు ఒక చెక్క బల్ల, రబ్బరు చెప్పులు సిద్ధంగా ఉంచండి.

సోల్డరు_సిరి
నేనూ రావచ్చా మాస్టారూ? పల్సులకు ఎంపీఎస్ఏ42 ట్రాన్సిస్టర్లు నా దగ్గరున్నాయి.

జీఎం_కౌంటర్
తప్పకుండా రా అమ్మా. కానీ మొదటిసారి పాత పద్ధతిలో తిప్పుదాం. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 50 హెర్ట్జ్ తీసుకుని, ఒక కండెన్సర్, ఒక రెసిస్టెన్సుతో రెండో గైడుకి కాస్త ఆలస్యంగా ఇస్తే చాలు. సెకనుకు 50 అడుగులు, అంటే 5 చుట్లు. కంటికి సరిగ్గా అందే వేగం.

వాల్వు_బాబాయ్
మోకాళ్ళు సహకరించవు, రాలేను. వీడియో పెట్టండి.

మల్కాపురం_మురళి
ఆదివారం రాత్రి 9. ఇప్పుడే అందరూ వెళ్ళారు. రాజు గారు, భీమిలి అన్న కూడా వచ్చారు. మా ఆవిడ పెసరట్టు ఉప్మా పెట్టింది. వీడియో పైన ఉంది కానీ అందులో సరిగ్గా రాలేదు, అందుకే రాస్తున్నాను.

కిటికీలు మూసి చీకటి చేశాం. మాస్టారు మెల్లిగా వోల్టేజి పెంచారు. 400, 450, 475. ఏమీ లేదు. నా ముఖం వాడిపోయింది. ఆయన మాత్రం కంగారు పడకుండా "మరీ చీకటిగా ఉంది, దానికి కాస్త వెలుతురు కావాలి" అని జేబులోంచి టార్చి తీసి గాజు మీద వేశారు. వేసిన క్షణంలో ఒక పుల్ల కొసన ఆవగింజంత నారింజ చుక్క వచ్చింది. ఇలాంటి వాల్వులు ఏళ్ళ తరబడి ఊరికే ఉంటే చీకట్లో మొదలవడానికి మొరాయిస్తాయట, వెలుతురు పడితే లోపల మొదటి ఎలక్ట్రాన్లు లేస్తాయట.

తర్వాత గైడ్లకు 50 హెర్ట్జ్ కలిపారు. చుక్క ఒక చోట రెండుసార్లు తడబడింది, ఆగింది, మళ్ళీ కదిలింది. రెండు నిమిషాలకు తడబాటు పోయి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మా పాప "నాన్నా, గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తోంది" అంది. మాస్టారు ఏమీ మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

భీమిలి_ఉప్పుగాలి
నేను పక్కనే ఉన్నాను. ఆ తడబడింది ఆరో పుల్ల దగ్గర. ఎక్కువ కాలం ఒకే చోట వెలిగి ఉంటే అలా అవుతుందని మాస్టారు చెప్పారు. నెలకు ఒక గంట తిప్పుతూ ఉండు మురళీ, ఇది మాత్రం నేనే చెప్తున్నాను.

ఉక్కునగరం_రాజు
భీమిలి అన్న నోటి నుంచి "తిప్పుతూ ఉండు"! ఈ ఒక్క మాటకి రెండు ఈఎల్84లు మీకు బహుమతి.

జీఎం_కౌంటర్
మురళి గారూ, సప్లై మీ దగ్గరే ఉంచండి. పైనున్న స్విచ్చి ఆపాక ఒక నిమిషం ఆగి, మీటరు సున్నా చూపించాకే చెయ్యి పెట్టండి. చుక్క ఏ దిక్కుకు తిరిగిందో గమనించారా? గైడ్ల తీగలు రెండూ మార్చి కలిపితే వెనక్కి తిరుగుతుంది. వచ్చే ఆదివారం అది చూద్దాం, ఆ ఎర్ర వాల్వుకి పక్క రేకుల బేస్ కూడా వెతికి తెస్తాను.

మల్కాపురం_మురళి
పదింటికి రండి మాస్టారూ. పాప కూడా లెక్కపెట్టడానికి పలక సిద్ధం చేసుకుంది.